పాత విమానం సముద్రం దాటాలంటే

2014 ఆగస్టు 8. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో కోనింగ్స్‌బీ వైమానిక స్థావరం కంచె బయట జనం బారులు తీరి మబ్బుల్లోకి చూస్తున్నారు. వాళ్ళు ఎదురుచూస్తున్న విమానం వయసు 69 ఏళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం నాటి నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ బాంబర్. కెనడాలోని హామిల్టన్‌లో బయల్దేరి, లాబ్రడార్‌లో ఒకసారి, గ్రీన్‌లాండ్‌లో ఒకసారి, ఐస్‌లాండ్‌లో ఒకసారి దిగి, అట్లాంటిక్ దాటి వస్తోంది. బ్రిటన్, కెనడా కలిపి మొత్తం 7,377 లాంకాస్టర్లు తయారుచేస్తే, ఇవాళ ఎగరగలిగే స్థితిలో మిగిలినవి రెండే రెండు. ఒకటి బ్రిటన్ వైమానిక దళం దగ్గరుంది. రెండోది హామిల్టన్‌లోని కెనడియన్ వార్‌ప్లేన్ హెరిటేజ్ మ్యూజియంది. ఆ రెండూ పక్కపక్కన ఎగురుతుంటే చూడాలని జనం ఆశ. రెండు లాంకాస్టర్లు కలిసి ఎగిరి అప్పటికి యాభై ఏళ్ళయింది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే. "విమానమే కదా, ఎగిరి వెళ్ళిపోతే సరి. అందులో కష్టమేముంది?" న్యాయమైన ప్రశ్నే. బేగంపేట ఎయిర్‌పోర్టు ఉన్న రోజుల్లో మేడెక్కి విమానాలు చూస్తూ పెరిగిన నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఆ యాత్ర వెనక జరిగిన పని గురించి చదువుతూ పోతే తెలిసొచ్చింది. సముద్రం దాటడం ఆ పనిలో ఒక వంతే. మిగతాదంతా ఇంజను గంటలు, కాగితాలు, పెట్రోలు, ఇన్సూరెన్స్. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా విమానం షెడ్డులోనే ఉండిపోతుంది.

గంటల లెక్క

పాత విమానాలు నడిపేవాళ్ళు కిలోమీటర్లలో ఆలోచించరు, గంటల్లో ఆలోచిస్తారు. ఇంజనుకు ఒక ఓవర్‌హాలింగ్ నుంచి ఇంకో ఓవర్‌హాలింగ్ దాకా ఇన్ని గంటలని లెక్క ఉంటుంది. గాల్లో ఉన్న ప్రతి గంటా అందులోంచి తరిగిపోతుంది. లాంకాస్టర్‌లో ఉండేది మెర్లిన్ ఇంజను. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్ల సామర్థ్యం. యుద్ధకాలంలో వీటిని బ్రిటన్‌లో రోల్స్ రాయిస్, అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ కలిసి దాదాపు లక్షన్నర తయారుచేశాయి. ఆ తయారీ ఆగిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఏదైనా భాగం అరిగితే ఎక్కడో గోడౌన్‌లో గ్రీజు కాగితంలో చుట్టి పెట్టిన పాతది వెతికి తేవాలి, లేదా డ్రాయింగ్ చూసి కొత్తగా చేయించుకోవాలి. మెర్లిన్‌ను పూర్తిగా విప్పి, సరిచేసి, తిరిగి బిగించగలిగిన వర్క్‌షాపులు ప్రపంచం మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. హామిల్టన్ నుంచి ఆ దారిలో కోనింగ్స్‌బీకి సుమారు 6,000 కిలోమీటర్లు. ఇంజన్ల మీద భారం పడకుండా నింపాదిగా గంటకు 280 కిలోమీటర్ల చొప్పున వెళ్తే ఒక వైపుకే ఇరవై గంటలు దాటుతుంది. రానూపోనూ నలభై పైన. నాలుగు ఇంజన్లు కాబట్టి నూట అరవై ఇంజను గంటలు. ఇవన్నీ సముద్రం మీద, మబ్బుల మధ్య, చూసేవాడు ఒక్కడూ లేనిచోట ఖర్చయ్యే గంటలు. ఎయిర్‌షోలో జనం ముందు అది తిరిగేది ఒక్కోసారి పది, పదిహేను నిమిషాలు. విదేశీ పర్యటనకు అసలు ఖర్చు ఎక్కడుందో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది.

మరి ఓడలో ఎక్కించి పంపొచ్చు కదా? చిన్న విమానాలకు చేసేది అదే. స్పిట్‌ఫైర్ లాంటి ఫైటర్‌కు రెక్కలు విప్పి, జాగ్రత్తగా ఊతాలు కట్టి, కంటైనర్లో పెట్టి పంపుతారు. అవతలి రేవులో దించుకున్నాక రెక్కలు బిగించి, కంట్రోల్ కేబుళ్ళు సరిచూసి, ఒక టెస్ట్ ఫ్లైట్ చేసి షోకి తీసుకెళ్తారు. 2020లో పసిఫిక్ యుద్ధం ముగిసి 75 ఏళ్ళయిన సందర్భానికి అమెరికా నౌకాదళం ఎసెక్స్ అనే యుద్ధనౌక మీద 14 పాత విమానాలను కాలిఫోర్నియా నుంచి హవాయికి చేర్చింది. ఆ దారిలో దిగడానికి మధ్యలో నేలే లేదు కాబట్టి అది సబబైన పని. లాంకాస్టర్ సంగతి వేరు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 31 మీటర్లు. దాన్ని విప్పి మళ్ళీ కలపడమంటే ఒక సీజన్ మొత్తం పోతుంది. పైగా రెక్కను మోసే ప్రధాన దూలం దగ్గర బోల్టులు ఊరికే విప్పి బిగించేవి కావు. అందుకే అది తన రెక్కల మీదే రావాల్సి వచ్చింది.

ఏ విమానం ఇది?

దీని కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఇంత శ్రమ ఎందుకు పడ్డారన్నదానికి సగం జవాబు ఇందులోనే ఉంది.

ఎఫ్‌ఎం 213 నంబరు ఉన్న ఈ విమానం కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని మాల్టన్ ఫ్యాక్టరీలో 1945 జులైలో తయారైంది. అప్పటికే ఐరోపాలో యుద్ధం ముగిసింది. అందుకని ఇది ఒక్క బాంబు కూడా వేయలేదు. ఆ తరవాత కెనడా వైమానిక దళంలో సముద్రం మీద గస్తీకి, ఆపదలో ఉన్న ఓడలను వెతకడానికి 1960ల మొదటి దాకా పనిచేసింది. రిటైరయ్యాక గొడెరిచ్ అనే ఊళ్ళో మాజీ సైనికుల సంఘం దీన్ని తెచ్చి స్తంభాల మీద నిలబెట్టింది. ఎండకు ఎండి వానకు తడిసింది. 1979లో చినూక్ హెలికాప్టర్ కింద వేలాడుతూ హామిల్టన్ మ్యూజియానికి చేరింది. వాలంటీర్లు దాదాపు పదేళ్ళు శ్రమపడితే 1988 సెప్టెంబరులో మళ్ళీ ఎగిరింది.

దాని పక్కన రాసి ఉన్న అక్షరాలు వీఆర్-ఏ. అందరూ ముద్దుగా వెరా అంటారు. ఆ అక్షరాలు దాని సొంతవి కావు, కెనడాకు చెందిన 419 స్క్వాడ్రన్‌లోని మరో లాంకాస్టర్‌వి. 1944 జూన్ 13 తెల్లవారుజామున ఫ్రాన్స్ మీద ఆ విమానానికి నిప్పంటుకుంది. అందరినీ దూకేయమని పైలట్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆండ్రూ మినార్‌స్కీ అనే గన్నర్ దూకబోతూ వెనక్కి చూశాడు. తోక గన్నర్ తన అద్దాల గూట్లో ఇరుక్కుపోయి ఉన్నాడు. మినార్‌స్కీ మంటల్లోంచి మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి ఆ గూటిని విడిపించాలని చూశాడు. కుదరలేదు. బట్టలూ పారాచూటూ కాలుతుండగా మిత్రుడికి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో చనిపోయాడు. విచిత్రంగా, విమానం కూలినప్పుడు తోక గూడు విడిపోయి ఆ గన్నర్ బతికాడు. జరిగింది లోకానికి చెప్పింది అతనే. మినార్‌స్కీకి బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్ళు సుమారు 1,25,000 మంది. వాళ్ళలో 55,573 మంది తిరిగి రాలేదు. బతికి బయటపడ్డవాళ్ళలో 2014 నాటికి మిగిలినవాళ్ళ వయసు తొంభై అటూఇటూ. "ఇంకో ఐదేళ్ళాగి తెద్దాం" అనడానికి వీల్లేదు. విమానానికి మిగిలిన గంటలకన్నా ఆ మనుషులకు మిగిలిన రోజులు తక్కువ. ఈ యాత్ర ఆ ఏడాదే ఎందుకు జరగాలి అన్నదానికి నాకు ఇంతకు మించిన కారణం కనబడదు.

నేషనల్ పర్మిట్ లేని లారీ

ఇక అసలు చిక్కుముడి దగ్గరికొద్దాం. హైదరాబాదు నుంచి లండన్ వెళ్ళే ప్యాసింజర్ విమానం దారిలో ఎన్నో దేశాల మీదుగా పోతుంది. "నీ విమానం ఎగరడానికి పనికొచ్చేదేనా?" అని ఏ దేశమూ విడిగా పరీక్ష పెట్టదు. 1944 డిసెంబరులో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందమే అందుకు కారణం. ఒక దేశం ఆ ఒప్పందం ప్రమాణాల ప్రకారం విమానానికి యోగ్యతా పత్రం ఇస్తే, మిగతా సభ్యదేశాలు దాన్ని గుర్తించాలి.

లాంకాస్టర్‌కు అలాంటి పత్రం ఉండదు. దాన్ని రూపొందించింది వైమానిక దళం అవసరాల కోసం. ప్రయాణికుల విమానాలకు పెట్టే పరీక్షలు దానికి ఎప్పుడూ పెట్టలేదు. డిజైన్‌కు పూచీ పడే తయారీ కంపెనీ ఇవాళ లేదు. కాబట్టి సొంత దేశం దానికి కొన్ని షరతులతో ప్రత్యేక అనుమతి ఇస్తుంది. అది సరిహద్దు దాకానే చెల్లుతుంది. మన లారీవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. నేషనల్ పర్మిట్ లేని బండి పక్క రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే అక్కడి టెంపరరీ పర్మిట్ తీసుకోవాలి కదా, ఇదీ అంతే. గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్ళాలంటే డెన్మార్క్ అధికారులు ఒప్పుకోవాలి. తరవాత ఐస్‌లాండ్. తరవాత బ్రిటన్. ఎవరి షరతులు వాళ్ళవి. పగటిపూట మాత్రమే ఎగరాలని, మబ్బుల్లోకి దూరకూడదని, జనం కిక్కిరిసిన ఊళ్ళ మీదుగా పోకూడదని ఇలాంటి విమానాలకు సాధారణంగా పెట్టే షరతులు. ఒక దేశం అనుమతి ఆలస్యమైతే దారి మొత్తం ఆగిపోతుంది.

విమానానికి అనుమతి దొరికితే సరిపోదు, పైలట్‌కూ కావాలి. సముద్రం దాటించే పైలట్, జనం ముందు తక్కువ ఎత్తులో విన్యాసం చేసే పైలట్ ఒకే మనిషి కావచ్చు. కానీ ఆ రెండో పనికి విడిగా యోగ్యతా పత్రం ఉండాలి. ఆతిథ్య దేశం దాన్ని పరిశీలించి ఒప్పుకోవాలి. ఏ గీత దాటి జనం వైపు రాకూడదు, ఎంత ఎత్తు కిందికి దిగకూడదు అన్న నియమాలు దేశానికో రకంగా ఉంటాయి. 2015 ఆగస్టులో బ్రిటన్‌లోని షోరమ్‌లో ఒక హంటర్ జెట్ విన్యాసం మధ్యలో రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయారు. వాళ్ళెవరూ విమానంలో ఉన్నవాళ్ళు కారు, కింద రోడ్డు మీద ఉన్నవాళ్ళు. ఆ తరవాత అక్కడి నిబంధనలు బాగా బిగించారు. నిర్వాహకులకు పని పెరిగింది, ఖర్చు పెరిగింది, కొన్ని చిన్న షోలు ఆగిపోయాయి. ఆ పదకొండు కుటుంబాలను తలుచుకుంటే ఆ బిగింపు తప్పని నేననను.

ఫియర్డ్ చివర రన్‌వే

అట్లాంటిక్‌ను ఒక్క ఊపులో దాటే శక్తి ఇలాంటి విమానాల్లో చాలావాటికి లేదు. ఒకవేళ ఉన్నా వృద్ధాప్యంలో ఆ పని చేయించరు. అందుకే మెట్లు మెట్లుగా వెళ్తారు. హామిల్టన్ నుంచి కెనడా తూర్పున లాబ్రడార్‌లోని గూస్ బే సుమారు 1,800 కిలోమీటర్లు. అక్కడి నుంచి గ్రీన్‌లాండ్ దక్షిణ కొనలోని నార్సార్సువాక్ 1,250. అక్కడి నుంచి ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ 1,200. ఆ తరవాత ఇంగ్లండ్ మరో 1,750 పైచిలుకు. యుద్ధకాలంలో అమెరికా నుంచి బ్రిటన్‌కు వేలాది విమానాలను నడిపించుకెళ్ళిన దారి ఇదే. నార్సార్సువాక్ ఎయిర్‌పోర్టు కూడా ఆ పని కోసం 1941లో అమెరికన్లు కట్టిందే.

ఆ ఎయిర్‌పోర్టు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన సన్నని పాయను ఫియర్డ్ అంటారు. అలాంటి ఒక పాయ చివర ఉంటుందా రన్‌వే. పొడవు 1,800 మీటర్ల చిల్లర, అదీ కొంచెం వాలుగా. ఎగువ చివర వెనకాల కొండలు, ఆ పైన మంచు. అందుకే మామూలుగా నీళ్ళ వైపు నుంచి వచ్చి దిగుతారు, నీళ్ళ వైపుకే లేస్తారు. ఫియర్డ్‌లో మబ్బు కమ్మిందంటే లోపలికి వచ్చాక వెనక్కి తిరగడం చాలా ప్రమాదం. కాబట్టి దిగగలమా లేదా అన్నది ముందే, సముద్రం మీద ఉండగానే తేల్చుకోవాలి. అప్పట్లో చుట్టుపక్కల ఇంకో ఎయిర్‌పోర్టు దగ్గర్లో లేదు కాబట్టి వెనుదిరిగి వెళ్ళడానికి సరిపడా పెట్రోలు మిగిలి ఉండాల్సి వచ్చేది.

విమానం లోపల ఎలా ఉంటుందో ఊహించండి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి పది వేల అడుగుల లోపే ఎగరాలి. మబ్బులు తరచూ అడ్డొచ్చే ఎత్తు అది. చల్లని మబ్బులోకి దూరితే రెక్కల మీద మంచు పేరుకుంటుంది. ఈ వయసులో ఆ సాహసం చేయరు. ప్రధాన దూలం విమానం నడుముకు అడ్డంగా పోతుంది. ముందుకూ వెనక్కూ వెళ్ళాలంటే ప్రతిసారీ దాని మీదికెక్కి దూకాల్సిందే. నాలుగు మెర్లిన్ల హోరులో పక్కవాడి మాట వినబడదు. ఈ దారిలో ఎగిరేవాళ్ళు ఒంటికి నీళ్ళు చొరబడని సూట్లు వేసుకుంటారు. ఆ నీళ్ళలో పడితే మామూలు బట్టలతో మనిషి ఎంతోసేపు బతకడు.

అందుకే ఇలాంటి యాత్రల్లో అన్నిటికన్నా విలువైనది ఖాళీ రోజులు. "శనివారం షో ఉంది, శుక్రవారానికి చేరాలి" అని ప్లాన్ వేసుకుంటే ఆ టెన్షన్‌లో మబ్బు కనబడ్డా ముందుకే పోవాలనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు వారం ముందే చేరేలా చూసుకుంటారు.

పెట్రోలు ఎక్కడ?

ఇప్పటి ఎయిర్‌పోర్టుల్లో దొరికేది ఎక్కువగా జెట్ ఇంధనం. అది కిరోసిన్ జాతిది. మెర్లిన్‌కు కావలసింది ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. రెండింటికీ పొంతన లేదు. పొరపాటున ఒకటి బదులు ఇంకోటి పోస్తే లేచిన కాసేపటికే ఇంజన్లు చచ్చిపోతాయి. లాంకాస్టర్ ట్యాంకులన్నీ నిండితే దాదాపు 9,800 లీటర్లు. చిన్న ఎయిర్‌పోర్టులో చిన్న విమానాల కోసం ఉంచుకున్న నిల్వ ఏ మూలకూ సరిపోదు. నెలల ముందే చెప్పి, ఆ రోజుకు ట్యాంకరు తెప్పించి ఉంచాలి. మన దేశం సంగతే చూడండి. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారీ మొదలుపెట్టేదాకా ఏవ్‌గ్యాస్ మొత్తం దిగుమతే.

ముందు ముందు దీనితో ఇంకా పెద్ద చిక్కుంది. ఏవ్‌గ్యాస్‌లో సీసం కలుపుతారు. ఎక్కువ ఒత్తిడి మీద పనిచేసే పాత ఇంజన్లలో పెట్రోలు ముందే అంటుకుని దడదడలాడకుండా అదే ఆపుతుంది. కారు పెట్రోల్లోంచి సీసం ఎప్పుడో తీసేశారు. విమానాల పెట్రోల్లోంచీ 2030 చివరికల్లా తీసేయాలని అమెరికా లక్ష్యంగా పెట్టుకుంది. సీసం పిల్లల మెదడుకు విషం. కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. అయితే కొత్త పెట్రోలు ఒక దేశంలో ఒక రకం, ఇంకో దేశంలో ఇంకో రకం వస్తే, నాలుగు దేశాల్లో ఆగుతూ పోయే విమానం ఏ పెట్రోలుకు సిద్ధపడాలి? ఈ ప్రశ్నకు ఇంకా జవాబు రావాలి.

డబ్బు

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో శాలీ బి అనే బి-17 బాంబర్ ఉంది. విరాళాల మీద నడుస్తుంది. 2005లో ఐరోపా సమాఖ్య విమానాల ఇన్సూరెన్స్‌ను బరువు ప్రకారం విభజించింది. దాంతో ఏడాదిలో కొన్ని గంటలు మాత్రమే ఎగిరే ఆ ముసలి బాంబర్, రోజుకు అరడజను ట్రిప్పులు వేసే ప్యాసింజర్ జెట్ ఉన్న తరగతిలో పడింది. ప్రీమియం కట్టడానికి జనం దగ్గర చందాలు పోగు చేయాల్సి వచ్చింది. బరువు ఒక్కటే చూసి రాసిన నిబంధన ఎంత అన్యాయంగా తగలగలదో ఇక్కడ కనబడుతుంది.

వెరా యాత్రకు డబ్బు పలు చోట్ల నుంచి వచ్చింది. షోల నిర్వాహకులు ఇచ్చే ఫీజు ఒకటి. అభిమానుల విరాళాలు ఒకటి. అట్లాంటిక్ దాటేటప్పుడు లోపల కూర్చోవడానికి ఒకే ఒక్క సీటును ఇంటర్నెట్‌లో వేలం వేస్తే, ఒక అభిమాని 79,100 పౌండ్లకు పాడుకున్నాడు. సుఖమైన సీటేమీ కాదది. పైన చెప్పిన హోరూ చలీ అన్నీ కలిపే ఆ ధర.

షో రోజు

ప్రేక్షకుడికి కనబడని ఇంకో కొట్లాట నేలమీద జరుగుతుంది. స్పిట్‌ఫైర్‌ను తీసుకోండి. దాని మెర్లిన్ నీళ్ళతో చల్లబడే ఇంజను, రేడియేటర్లు రెక్కల కింద ఉంటాయి. గాల్లో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. నేలమీద గాలి తగలదు. స్టార్ట్ చేసిన క్షణం నుంచి ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుతూనే ఉంటుంది. ముందు విమానం కాస్త ఆలస్యం చేసిందా, టాక్సీవే మీద నిలబడ్డ పైలట్ కళ్ళు ఆ ముల్లు మీదే. హద్దు దగ్గరికి వస్తే ఇంజను ఆపేయాల్సిందే, ఆ రోజుకు ప్రదర్శన పోయినట్టే. అందుకే షోలో ఎవరు ఎన్నింటికి స్టార్ట్ చేయాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నది నిమిషాల లెక్కన రాస్తారు. విదేశం నుంచి వచ్చినవాళ్ళకు ఆ కాగితం కొత్త, ఎయిర్‌పోర్టు కొత్త, రేడియోలో వినబడే యాస కొత్త.

వెరా సుమారు ఆరు వారాలు బ్రిటన్‌లో ఉంది. రోజులు బాగానే సాగుతున్నాయనుకుంటుండగా ఆగస్టు చివర్లో డర్హమ్ టీస్ వ్యాలీ ఎయిర్‌పోర్టుకు వస్తుండగా నాలుగో ఇంజను మొరాయించింది. మిగతా మూడింటితో క్షేమంగా దిగింది. కానీ లోపల దెబ్బ పెద్దది, అక్కడ బాగుచేసేది కాదు. సొంత వర్క్‌షాపు సముద్రానికి ఆవల ఉంది. కొన్ని షోలు రద్దయ్యాయి.

అప్పుడు బ్రిటన్ వైమానిక దళంలో పాత విమానాలు నడిపే విభాగం, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లైట్, తన దగ్గరున్న స్పేర్ మెర్లిన్‌ను అరువిచ్చింది. ఈ మాట తేలిగ్గా చదివేయకండి. పైన గంటల లెక్క చూశాం కదా. మెర్లిన్‌ను అప్పివ్వడమంటే తమ లాంకాస్టర్, తమ స్పిట్‌ఫైర్ల రేపటి రోజుల్లోంచి కొన్ని తీసి ఇవ్వడం. కెనడా సిబ్బంది పాత ఇంజను దించి, అరువు ఇంజను ఎక్కించి, ప్రొపెల్లర్ బిగించి, నేలమీద నడిపి చూసి, సెప్టెంబరు మొదట్లోనే మళ్ళీ గాల్లోకి లేపారు. నాకు ఈ యాత్ర మొత్తంలో నచ్చిన ఘట్టం ఇదే. ఇంత పెద్ద పర్యటన చివరికి నిలబడింది ఇరుగూ పొరుగూ చేబదులు ఇచ్చుకునే పద్ధతి మీద.

ఈస్ట్ కిర్క్‌బీ అనే చోట మూడో లాంకాస్టర్ ఉంది. ఎగరదు గానీ దాని ఇంజన్లు తిరుగుతాయి. యుద్ధంలో తమ అన్న చనిపోతే, ఆయన జ్ఞాపకంగా రైతు సోదరులు పాంటన్‌లు దాన్ని కొని కాపాడారు. వెరా, బ్రిటన్ లాంకాస్టర్ దాని మీదుగా వెళ్తుంటే కింద అది కూడా ఇంజన్లు తిప్పింది. పన్నెండు మెర్లిన్ల హోరు ఒకేసారి.

ఎగరేయాలా, దాచిపెట్టాలా?

ఇవన్నీ విన్నాక కొందరడుగుతారు. రెండే మిగిలితే వాటిని గాజు గదిలో పెట్టుకోక సముద్రం మీదికి పంపడమేంటి? దీన్ని కొట్టిపారేయలేం. 2019 అక్టోబరులో అమెరికాలోని కనెటికట్‌లో ఒక బి-17 కూలి ఏడుగురు చనిపోయారు. 2022 నవంబరులో డల్లస్ షోలో ఒక బి-17, ఒక ఫైటర్ గాల్లో ఢీకొని ఆరుగురు పోయారు. వాటితో పాటు మళ్ళీ తయారుచేయలేని విమానాలూ పోయాయి.

నా అభిప్రాయం చెప్తాను. ఎగరని ఇంజను గురించి తెలిసినవాళ్ళు ఒక తరంలో మాయమవుతారు. మెర్లిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఏ శబ్దం మంచిది, ఏది అనుమానించాల్సింది అన్నది పుస్తకంలో రాసి పెట్టలేరు. అది చెవిలో ఉంటుంది, పక్కన నిలబడి నేర్చుకోవాలి. అందుకని ఎగరేయాలనే అంటాను. కానీ ప్రతి ఆహ్వానానికీ తలూపకూడదు. డబ్బు చాలక మరమ్మతు వాయిదా వేసే పరిస్థితి ఉంటే ఆ ఏడాది షెడ్డులోనే ఉంచాలి. సముద్రం దాటించడానికి గట్టి కారణం ఉండాలి. 2014లో తొంభై ఏళ్ళ ముసలివాళ్ళు కుర్చీల్లో కూర్చుని తలెత్తి చూశారు. ఆ కారణం గట్టిదే.

మన డకోటా

ఇలాంటి ప్రయాణం ఒకటి మన దాకా కూడా వచ్చింది. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులను శ్రీనగర్‌కు చేర్చిన డకోటా రవాణా విమానాల్లో ముందు దిగినదాని నంబరు వీపీ 905. అదే నంబరుతో పరశురామ అని పేరు పెట్టిన డకోటా ఇప్పుడు మన వైమానిక దళంలో ఉంది. అప్పట్లో ఎంపీగా ఉన్న రాజీవ్ చంద్రశేఖర్, డకోటాలు నడిపిన తన తండ్రి గౌరవార్థం దాన్ని కొని, బ్రిటన్‌లో బాగుచేయించి కానుకగా ఇచ్చారు. 2018 ఏప్రిల్‌లో అది కోవెంట్రీలో లేచి ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, జోర్డాన్, సౌదీ, బహ్రెయిన్, ఒమన్ మీదుగా జామ్‌నగర్ చేరింది. మే 4న హిండన్‌లో దళంలో చేర్చుకున్నారు. అక్కడా ఇవే చిక్కులు. దేశం దేశానికీ అనుమతి, ఎడారి ఎండ, ఏవ్‌గ్యాస్.

2021 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో రెండు హెలికాప్టర్ల మధ్య ఎగిరింది ఆ డకోటానే. టీవీలో చూసినవాళ్ళకు కొన్ని సెకన్ల దృశ్యం. డకోటా ఇంజన్లలో సిలిండర్లు చక్రం ఆకుల్లా గుండ్రంగా ఉంటాయి. ఆపి ఉంచితే ఆయిలు మెల్లగా దిగువ సిలిండర్లలోకి కారుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అందుకని ఎగరబోయే ముందు గ్రౌండ్ సిబ్బంది ప్రొపెల్లర్ కింద నిలబడి, ఒక్కో రెక్కనూ చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పుతారు. ఎక్కడైనా బిగుసుకున్నట్టు తగిలితే అక్కడే ఆపేస్తారు. తగలకపోతే పక్కకు జరిగి, పైలట్‌కు బొటనవేలు చూపిస్తారు.